అరవకుండా పిలిచే కుక్క

టేపు ఒక చివర నా చేతిలో ఉంది, రెండో చివర మంగమ్మ గారు పట్టుకున్నారు. నేను నేల మీద బోర్లా పడుకుని మంచం కింద ఎంత ఎత్తుందో కొలుస్తున్నాను.

"అమ్మాయ్, మనం కుక్కని తెస్తున్నామా, బీరువా తెస్తున్నామా?" అన్నారావిడ.

"కుక్క ఎంత ఎత్తు నుంచి చూస్తుందో అంత ఎత్తు నుంచి ఇల్లు చూసి రమ్మని మా మేడమ్ గారి రూలండి" అన్నాను.

పదమూడు అంగుళాలు. రాసుకున్నాను. వంటగది గడప దగ్గర ఆవిడ కోడలు రేవతి, చంకలో ఐదు నెలల బాబుతో నిలబడి నన్నే చూస్తోంది. ఆమెకి పుట్టినప్పటి నుంచీ వినపడదు, మాట రాదు. నేను ఆమె వైపు చూసి ఒకసారి నవ్వాను, అంతే. ఆ బాబు ఆమె దగ్గర ఉంటాడా, అత్తగారి ఊరు పోతాడా అన్నది నేను నింపే ఫారం మీద ఆధారపడి ఉందని నాకప్పుడు తెలియదు.

అప్పటికి నేను రాజమండ్రిలో డాక్టర్ సుభద్ర గారి పెట్ క్లినిక్‌లో చేరి రెండో ఏడు. టెన్త్ పాసై ఇంటర్ మధ్యలో మానేసిన నాకు అక్కడిచ్చిన హోదా అసిస్టెంటు. అంటే కుక్కలకి స్నానం చేయించడం, డ్రైయర్ పట్టడం, గోళ్లు కత్తిరించడం, ఇంజక్షన్ వేసేటప్పుడు కదలకుండా పట్టుకోవడం, వీటితో పాటు హోమ్ విజిట్లు. మొత్తం ఆరేళ్లు చేశాను. పెళ్లయి జంగారెడ్డిగూడెం వచ్చేశాక మానేశాను. రిటైరయ్యానని చెప్పుకుంటే, ఇరవై ఎనిమిదేళ్లకి రిటైర్మెంటేంటే అని మా ఆయన నవ్వుతాడు. కానీ ఇప్పటికీ ఫోన్లొస్తాయి, మా ఫ్లాటు చిన్నది, ఏ కుక్కని తెచ్చుకోమంటావని. వాళ్లకి నేను చెప్పేదంతా ఆ ఒక్క ఇంట్లో నేర్చుకున్నదే.

మా మేడమ్ గవర్నమెంటు పశువుల డాక్టరుగా చేరి, లంక గ్రామాల్లో గేదెలకీ ఆవులకీ వైద్యం చేసి చేసి, అసిస్టెంట్ డైరెక్టరుగా రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంటి ముందు గదుల్లోనే క్లినిక్ పెట్టారు. చాలా తక్కువ మాట్లాడతారు. నేను చాలా ఎక్కువ మాట్లాడతాను. క్లినిక్‌లో కుక్కల్ని అమ్మం. ఎవరైనా పెంచుకోవాలనుకుంటే ఏ జాతి వాళ్లింటికి సరిపోతుందో చెప్తాం, పెంచలేక వదులుకునే వాళ్లుంటే ఆ కుక్కకి ఇంకో ఇల్లు వెతుకుతాం. రెండింటికీ ముందు హోమ్ విజిట్ జరగాలి. నేను వెళ్లి రెండు పేజీల ఫారం నింపాలి. గదుల కొలతలు, మెట్లెన్ని, మధ్యాహ్నం రెండింటికి ఏ గది చల్లగా ఉంటుంది, కుక్క ఎన్ని గంటలు ఒంటరిగా ఉంటుంది, ఇంటి ఓనరు ఒప్పుకున్నారా, అసలు కుక్క దేనికి. చివర్లో నా సిఫారసు రాసి, ఇంటివాళ్లతో సంతకం పెట్టించుకుని రావాలి. నిర్ణయం మాత్రం మేడమ్ గారిది.

రేవతి వాళ్లది మేడ మీద పోర్షన్. ఒక గది, ఒక వంటగది, బయట డాబా మీద బట్టలుతికే చోటు, నీళ్ల కుళాయి. పద్దెనిమిది మెట్లు. భర్త శ్రీను ప్రింటింగ్ ప్రెస్సులో పని చేస్తాడు. అతనికీ వినపడదు. పొద్దున్న తొమ్మిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి గానీ రాడు. మంగమ్మ గారిది యానాం పక్కన పల్లెటూరు, కాన్పుకి వచ్చి ఉండిపోయారు. ఫారంలో ఉన్న ప్రశ్నలన్నీ నేను ఆవిడనే అడిగాను. ఇంట్లో పెద్దావిడ ఉండగా కోడలిని అడగడం మనకి అలవాటు లేదు కదా. పైగా ఆ కోడలికి మాట రాదాయె.

"ఓనరు గారు ఒప్పుకున్నారాండి?"

"అరవనిదైతే పర్లేదన్నారండి. ఆయనకి బీపీ."

"కుక్క దేనికండి? తోడుకా, కాపలాకా?"

మంగమ్మ గారు గొంతు తగ్గించారు. వినపడని కోడలి ముందు గొంతెందుకు తగ్గించారో నాకు అర్థం కాలేదు. "నెలాఖరుకి బాబుని మా ఊరు తీసుకుపోతున్నానమ్మా. రెండేళ్లు పెంచి తెచ్చిస్తా. మొన్న ఇది డాబా మీద బట్టలుతుకుతోంది, నేను కూరలకెళ్లా. పిల్లోడు పాలు కక్కుకుని ఏడుస్తానే ఉన్నాడు. కింద ఓనరమ్మ పైకొచ్చి చూసేదాకా ఎవరికీ తెలీదు. ముఖమంతా నల్లబడిపోయింది."

"అయ్యో. ఏడిస్తే లైటు వెలిగే మెషిన్లు ఉంటాయటండి."

"కొన్నాడు మావాడు. ఎండలో బట్టలుతికేదానికి గదిలో లైటేం కనపడుద్ది? కరెంటు పోతే అదీ లేదు. నేనుంటే చాలు కదా అంటావేమో, అక్కడ మా ఆయనకి పక్షవాతం. ఐదు నెలలుగా మా ఆడపడుచు వండిపెడుతోంది. ఇంకెన్నాళ్లని పెడుతుంది? అందుకే తీసుకుపోతానన్నా. అప్పట్నుంచీ ఇది కుక్క కుక్క అంటోంది. పిల్లోడు లేకపోతే తోచదు కదమ్మా, పాపం."

ఫారంలో 'కుక్క దేనికి' అన్నచోట 'తోడు కోసం' అని రాశాను. సిఫారసులో 'పగ్' అని రాశాను. చిన్న ఇంటికి పగ్ అని రాయడం నాకు అలవాటైపోయింది. తక్కువ అరుస్తుంది, తక్కువ తిరుగుతుంది, తిని పడుకుంటుంది. ముక్కు చప్పిడిది కాబట్టి ఎండ తట్టుకోలేదు గానీ, ఆ గదికి తూర్పు కిటికీ ఉంది, పైన సిమెంటు రేకు కాదు శ్లాబే. అన్నీ సరిపోయాయనుకుని క్లినిక్‌కి వచ్చేశాను.

మేడమ్ కళ్లజోడు సర్దుకుని రెండు పేజీలూ చదివారు.

"ఆ అమ్మాయి ఏమంది?"

"ఆవిడ మాట్లాడరు కదండి మేడమ్."

"రాయదా?"

నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను.

"సంతకం ఎవరిది?"

"అత్తగారిదండి."

"అత్తగారు ఎక్కడుంటారు?"

"నెలాఖరుకి ఊరెళ్లిపోతారండి."

ఆవిడ కోప్పడలేదు. ఫారం నాకు తిరిగిచ్చి, "రేపు మళ్లీ వెళ్లు. ఫోను చార్జింగు పెట్టుకుని వెళ్లు" అన్నారు.

రెండోసారి వెళ్లినప్పుడు రేవతి పప్పు రుబ్బుతోంది. నేను ఫోన్లో టైపు చేసి చూపించాను: మీకు ఎలాంటి కుక్క కావాలండి? ఆమె చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, నా ఫోను తీసుకుని ఆగకుండా కొట్టింది. నేను ఆరేళ్లలో అంత సూటిగా రాసిన జవాబు ఇంకొకటి చూడలేదు.

'బాబు ఏడిస్తే వచ్చి నన్ను తట్టే కుక్క కావాలి. అది ఉంటే అత్తయ్య బాబుని తీసుకెళ్లరు. తోడుకి కాదు.'

దాని కింద ఇంకో లైను కొట్టింది. 'నిన్న మీరు అడుగుతారని అక్కడే నిలబడ్డాను.'

కూర్చుని మిగతా ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే ఆమెనే అడిగాను. కుక్క బొచ్చు గురించి, బాబు మంచం మీద పడుకుంటాడా ఉయ్యాల్లోనా, తను ఏ పనిలో ఎంతసేపు వెనక్కి తిరిగి ఉంటుంది. అన్నింటికీ ఆలోచించుకుని ఉంది. ఉయ్యాల ఇంకో రెండడుగులు పైకి కట్టించడానికి శ్రీనుతో ముందే మాట్లాడిందట, కుక్క అందుకోకుండా.

ఆ మెసేజ్ మేడమ్ రెండుసార్లు చదివారు. కష్టమే గానీ చెయ్యొచ్చన్నారు. ఆ సాయంత్రం క్లినిక్ కట్టేసే ముందు నాకు విడమరిచి చెప్పారు. చిన్న ఇంటికి ఏ గుణాలైతే మంచివని మనం మార్కులేస్తామో, బద్ధకం, పట్టనట్టు ఉండడం, ఎంత చప్పుడైనా నిద్రపోవడం, ఈ ఇంటికి అవన్నీ తప్పులే. ఏడుపు వినగానే కాలు నిలవని కుక్క కావాలి. కానీ అరవకూడదు. పిల్లకుక్క పనికిరాదు, దాని బుద్ధి ఎలా తిరుగుతుందో ఏడాది నిండితే గానీ తెలియదు. మరీ బుల్లి జాతి వద్దు, చేతిలోంచి జారితే కాలు విరుగుతుంది, నొప్పి పుడితే పిల్లాడిని కరుస్తుంది. నెలాఖరు ఇరవై రెండు రోజుల్లో ఉంది.

అప్పుడు మా దగ్గర వదులుకునే కుక్కల పట్టీలో ఐదు చిన్న జాతులున్నాయి. మేడమ్ రేవతి నుంచి బాబు ఏడుపు రికార్డు తెప్పించమన్నారు. ఆమె తను వినలేని ఆ ఏడుపుని రికార్డు చేసి పంపింది. ఆ రికార్డు మోగే ఫోను పక్కగదిలో కర్టెన్ వెనక పెట్టాం. నేను హాల్లో అటు తిరిగి కూర్చోవాలి, పలకకూడదు, తిరిగి చూడకూడదు. మేడమ్ తలుపు సందులోంచి చూసి రాసుకుంటారు. ఒక్కో కుక్కకి ఒక్కో రోజు, ముందు రోజు అక్కడే ఉంచి, చోటు అలవాటయ్యాక.

పగ్ ఒకసారి కళ్లు తెరిచి మళ్లీ గురక పెట్టింది. నా సిఫారసు అలా ముగిసింది. షిట్జు నా చెప్పుల మీద తల పెట్టుకుంది. దాని జుట్టుకి మన ఉక్కపోతలో రోజూ దువ్వెన పడకపోతే ఉండలు కడుతుంది, ఆ ఇంటికి అది ఎలాగూ కుదరదు. మిన్‌పిన్ అని సన్నకాళ్ల కుక్క ఒకటుంటుంది, అది ఏడుపు వినగానే ఎంత అరిచిందంటే పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూశారు. డాష్‌హౌండ్ తెలివిగా ఫోను దగ్గరికే వెళ్లి కర్టెన్ లాగింది. కానీ పొడుగు నడుము జాతి, రోజూ పద్దెనిమిది మెట్లు ఎక్కి దిగితే వెన్నుపూస జారుతుంది. మేడమ్ నిట్టూర్చి దాని పేరు కొట్టేశారు.

ఐదోది చిట్టి. రెండున్నరేళ్ల పొమరేనియన్, మేం పామ్ అంటాం, గోధుమ రంగు. దాన్ని వదులుకునే వాళ్లు కారణం అన్నచోట 'ఒకటే విసిగిస్తుంది' అని రాశారు. కుక్కరు విజిలేసినా, కాలింగ్ బెల్ మోగినా, ఫోను మోగినా వచ్చి కాళ్ల మీద గోకుతుందట, చీరలు చిరుగుతున్నాయట. ఏడుపు మొదలవగానే చిట్టి చెవులు నిలబెట్టింది, కర్టెన్ దాకా పరిగెత్తింది, వెనక్కొచ్చి నా మోకాలి మీద కాలు వేసింది. నేను కదలలేదు. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. ఆరుసార్లు తిరిగింది. మేడమ్ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఆ అర్జీ కాగితంలో 'విసిగిస్తుంది' అన్న మాట కింద గీత గీశారు.

ఆ ఇంటివాళ్లకి తప్పుగా కనిపించింది, ఇక్కడ ఉద్యోగానికి అర్హత అయ్యింది. ఆవిడ చూపు మీద నాకు గౌరవం ఆ రోజు మొదలైంది.

ఇక ట్రైనింగు. చెప్పడానికి తేలికే. ఏడుపు వినపడగానే రావాలి, మోకాలి మీద ఒకసారి కాలు వెయ్యాలి, వెనక్కి తిరిగి ఉయ్యాల దగ్గరికి దారి తియ్యాలి. అప్పుడు ఉడికించిన గుడ్డు ముక్క. అరిస్తే కోప్పడకూడదు, కొట్టకూడదు, అటు తిరిగిపోవాలి. అరుపుకి ఏమీ రాదని, తట్టడానికే గుడ్డు వస్తుందని దానికి తెలియాలి. మొదటి నాలుగు రోజులు నేను చేయించాను. "చిట్టీ రా తల్లీ, ఏడుస్తున్నాడు చూడు, రామ్మా, గుడ్ గర్ల్, ఉండుండు" అని నా ధోరణిలో నేను. అది నా నోటికేసి చూస్తూ కూర్చునేది.

ఐదో రోజు రేవతి వచ్చింది. మేడమ్ నాతో, "దుర్గా, నువ్వు కాసేపు ఆ మూల కూర్చో. నోరు తెరవకు" అన్నారు. రేవతి నేల మీద కూర్చుంది. ఒక చెయ్యి చూపించింది, కుక్క వచ్చింది. అరచెయ్యి నిలబెట్టింది, ఆగింది. మోకాలు తట్టి చూపించింది, కాలు వేసింది. ఇదంతా పావుగంటలో. మాట కంటే చెయ్యి కుక్కకి ముందు అర్థమవుతుందని పుస్తకాల్లో ఉందని మేడమ్ తర్వాత చెప్పారు. రేవతికి పుట్టినప్పటి నుంచీ చేతులే మాట. ముఖంలో కనుబొమ్మ కదిలినా దానికి ఒక అర్థం ఉంటుంది, ఆ అర్థం ఎప్పుడూ మారదు. కుక్కకి అంతకంటే మంచి పంతులమ్మ దొరకదు.

ట్రైనింగు మొదలైన పన్నెండో రోజు చిట్టిని వాళ్లింటికి చేర్చాం. టీకాలు, నులిపురుగుల మందు అయ్యాయి. కుక్కనీ బాబునీ గదిలో పెట్టి తలుపు మూసి వెళ్లకూడదు, తల్లి పక్కన లేనప్పుడు బాబు ఉయ్యాల్లోనే ఉండాలి, తల్లి డాబా మీద ఉంటే మధ్య తలుపు తీసే ఉంచాలి, పామ్ జాతికి ఎండాకాలం కదా అని గుండు గీయించకూడదు, ఆ జుట్టే దానికి ఎండ తగలకుండా కాపాడుతుంది, రోజూ డాబా మీదే దువ్వాలి. ఇవన్నీ కాగితం మీద రాసి రేవతితో సంతకం పెట్టించాను. మంగమ్మ గారు ముక్కు మీద కొంగు పెట్టుకుని "ఇంటి నిండా బొచ్చు" అన్నారు. రెండో రోజుకల్లా ఆవిడే దానికి వేయించిన చేప ముక్క ముళ్లు తీసి పెడుతున్నారని శ్రీను ఫొటో పంపాడు. పెట్టొద్దని మేడమ్ కబురు చేస్తే, "ఆయ్, పెట్టనండి" అన్నారు. పెట్టారు.

నెలాఖరు ముందు రోజు మేడమ్, నేను పరీక్షకి వెళ్లాం. మంగమ్మ గారి సంచి సర్ది తలుపు పక్కన ఉంది. అందులో బాబు పాలసీసా కూడా ఉంది. రేవతి దాన్ని చూడనట్టు చూస్తోంది. నీళ్లిస్తే గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు.

మేడమ్ ఏర్పాటు చెప్పారు. బాబు ఉయ్యాల్లో నిద్రపోతాడు. రేవతి డాబా మీద అటు తిరిగి బట్టలుతకాలి. మేమిద్దరం వంటగదిలో. మంగమ్మ గారు గదిలో గోడవారగా కుర్చీలో, ఏం జరిగినా లేవకూడదు.

"పిల్లోడేడుస్తుంటే లేవకుండా ఎలాగండి?" అన్నారావిడ.

"మీరు ఊళ్లో ఉన్నారనుకోండి" అన్నారు మేడమ్.

చాలాసేపటికి బాబు కదిలాడు. మూలిగాడు, గొంతెత్తాడు. చిట్టి గడప మీంచి లేచింది, ఉయ్యాల కింద ఒకసారి తిరిగింది, నేరుగా వెళ్లి మంగమ్మ గారి మోకాలి మీద కాలు వేసింది.

తప్పు చిట్టిది కాదు. ఆ చేప ముక్కలవి. మేడమ్ వైపు చూశాను, ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, కదలొద్దని. ఏడుపు పెరిగింది. మంగమ్మ గారి చేతులు అప్పటికే కుర్చీ మీంచి లేచాయి. ఆవిడ లేచి బాబుని ఎత్తుకుంటే అక్కడితో అయిపోయినట్టే. సంచి సిద్ధంగా ఉంది, కుక్క పనికిరాదని మా కళ్లముందే తేలింది, ఎవరూ కాదనలేరు.

ఆవిడ లేవలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని, ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు. అరిచినప్పుడు కుక్క నుంచి అటు తిరిగిపోవాలని రేవతికి మేం నేర్పింది చూసి ఉన్నారు కదా, అచ్చం అలాగే. "నన్ను కాదే తల్లీ. వాళ్లమ్మని పిలు. పో, వాళ్లమ్మని పిలు" అంటున్నారు గోడతో. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చిట్టి ఇంకోసారి కాలు వేసింది. ఆవిడ తిరగలేదు. అప్పుడది ఉయ్యాల వైపు ఒకసారి చూసి, గడప దాటి డాబా మీదకి పరిగెత్తింది.

రేవతి సబ్బు నురగ చేతులతో లోపలికొచ్చింది, ముందు చిట్టి, వెనక తను. బాబుని ఎత్తుకుంది. కుక్కకి గుడ్డు పెట్టడం మర్చిపోలేదు. చిట్టి ఒక్కసారి కూడా అరవలేదు.

మంగమ్మ గారు ముఖం తుడుచుకుని మా మేడమ్‌తో అన్నారు, "నేనిక్కడుంటే ఇది నన్నే పిలుస్తుందండి. నేను పోతేనే దీనికి దారి తెలుస్తుంది."

"ఓ వారం ఉండి చూడకూడదాండి?" అన్నాను నేను, నోరాగక.

"వారముంటే చేప పెట్టకుండా ఉండలేనమ్మా."

సంచి విప్పి పాలసీసా తీసి కోడలి చేతిలో పెట్టారు. ఆ సాయంత్రమే ద్రాక్షారామం మీదుగా పోయే యానాం బస్సెక్కారు. నేనూ రేవతీ స్టాండు దాకా వెళ్లాం, బాబుతో సహా. కిటికీలోంచి ఆవిడ కోడలికి చేతులతో ఏదో చెప్పారు. వాళ్లిద్దరూ అలా మాట్లాడుకోవడం నేను చూడడం అదే మొదలు. రేవతి నవ్వుతూ తల ఊపింది.

మొదటి నెలలో పక్కింటి కుక్కరుకి కూడా చిట్టి రేవతిని లాక్కొచ్చేదట. మేడమ్ వారానికోసారి వెళ్లి సరిచేశారు, తర్వాత కుదురుకుంది. ఓనరు గారు మనవరాలికి అలాంటిదే కావాలని అడిగారు. బాబు ఇప్పుడు యూకేజీ. ఇంట్లో చేతులతో, బడిలో నోటితో, రెండింటా గలగలా మాట్లాడతాడని రేవతి మెసేజ్ పెడుతుంది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇది. ఇల్లు చిన్నదైనప్పుడు కుక్క సైజు, బొచ్చు, అరుపు అన్నీ లెక్కలోకి వస్తాయి, కానీ వాటన్నింటికీ ముందు కుక్క ఎవరికి, ఏ పనికి అన్నది తెలియాలి. ఆ మాట ఆ మనిషినే అడగాలి. పక్కనున్నవాళ్లు ఎంత మంచివాళ్లైనా, ఎంత ప్రేమతో చెప్పినా, అది వాళ్ల జవాబే అవుతుంది.

మంగమ్మ గారు బస్సెక్కిన మర్నాడు పొద్దున్న క్లినిక్ తలుపులు తీసి, బోన్లు కడిగే ముందు రేవతికి మెసేజ్ పెట్టాను. 'మీకేం కావాలి' అని చేతులతో ఎలా అడగాలో వీడియో పంపండి అని. రెండు నిమిషాల్లో పంపింది. స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి, కుదిరేదాకా అది చేశాను.